పద్ధతికి లొంగని గోలీ: టిమ్ థామస్ క్రీడాజీవితంలోని చిక్కుముడులు

అమెరికా ఐస్ హాకీలో టిమ్ థామస్ పేరు వచ్చినప్పుడల్లా చెప్పే కథ ఒకటే. ఎవరూ పట్టించుకోని కుర్రవాడు దేశాలు పట్టుకు తిరిగాడు, ముప్పై దాటాక ఒక చోటు సంపాదించుకున్నాడు, ముప్పై ఏడేళ్ల వయసులో ఆ క్రీడలో అన్నిటికన్నా పెద్ద బహుమతి అయిన స్టాన్లీ కప్పును గెలిపించాడు, కనుక పట్టుదల ఉంటే సాధించలేనిది లేదు అని. కథ నిజమే కానీ అందులోంచి తీసే నీతి మీదే నాకు అనుమానం. 1994లోనే ఒక జట్టు ఎంపిక చేసుకున్న ఆటగాడికి 2006 దాకా నిలకడైన చోటు ఎందుకు దొరకలేదన్న ప్రశ్నకు పట్టుదల జవాబు కాదు. ఆ పన్నెండేళ్లలో లోపం అతనిలో ఉందా, అతన్ని కొలిచినవారి కొలబద్దలో ఉందా అన్నది అసలు ప్రశ్న. రికార్డులను దగ్గరగా చూస్తే కొలబద్ద వైపే వేలు చూపించవలసి వస్తుంది. విచిత్రమేమిటంటే, ఆ తరువాత వచ్చిన ఒప్పందపు తగాదాలోనూ, చివరికి తలకు తగిలిన దెబ్బ విషయంలోనూ ఇదే ప్రశ్న వేర్వేరు రూపాల్లో మళ్లీ ఎదురవుతుంది.

ఈ ఆటతో పరిచయం లేని పాఠకుల కోసం కొన్ని కొలతలు చెప్పుకోవాలి. ఉత్తర అమెరికాలో ఐస్ హాకీ ఆడే మంచు మైదానం 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉంటుంది. ఒక్కో జట్టు తరఫున ఒకేసారి ఆరుగురు దిగుతారు. వారిలో ఒకరు గోల్‌కీపర్, ఆ ఆటవారి వాడుకలో గోలీ. బంతికి బదులుగా వాడే పక్ అంగుళం మందం, మూడంగుళాల వ్యాసం, సుమారు 170 గ్రాముల బరువు ఉన్న గట్టి రబ్బరు బిళ్ల. గోలీ కాపాడవలసిన చట్రం ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. థామస్ ఆడిన బోస్టన్ బ్రూయిన్స్ జట్టు నాయకుడు జ్డెనో చారా 2012లో ఒక పోటీలో కొట్టిన షాట్ వేగం గంటకు 175 కిలోమీటర్లుగా నమోదైంది. అంటే మన పేస్ బౌలర్లెవరూ అందుకోని వేగం. క్రికెట్‌లో వికెట్‌కీపర్ క్యాచ్ వదిలితే బ్యాటర్ బతుకుతాడు, మ్యాచ్ సాగుతుంది. ఇక్కడ గోలీ ఒక్క షాట్ వదిలితే నేరుగా స్కోరు మారుతుంది, ఇలాంటి షాట్లు ఒక మ్యాచ్‌లో ముప్పై దాకా వస్తాయి.

ఫ్లింట్ నుంచి హెల్సింకీ దాకా

థామస్ 1974 ఏప్రిల్ 15న మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో పుట్టాడు. జనరల్ మోటార్స్ కంపెనీ 1908లో పురుడు పోసుకున్న ఊరు అది. కార్ల కర్మాగారాలు మూతపడుతున్న కాలంలో అతని బాల్యం గడిచింది. 1980 శీతాకాల ఒలింపిక్స్‌లో కాలేజీ కుర్రాళ్లతో నిండిన అమెరికా జట్టు సోవియట్ జట్టును ఓడించినప్పుడు అతనికి ఐదేళ్లు. ఆ జట్టు గోలీ జిమ్ క్రేగ్‌ను చూసే తాను గోలీని కావాలనుకున్నానని తరువాత చెప్పుకున్నాడు. ఆ జట్టులో ఆడిన కెన్ మారో కూడా ఫ్లింట్‌లో పుట్టినవాడే. గోలీకి కావలసిన ప్యాడ్లు, ముఖకవచం, గ్లవ్స్ ఖరీదైనవి, శిక్షణ శిబిరాలు అంతకన్నా ఖరీదైనవి. కొడుకును ఒక గోలీ శిబిరానికి పంపడానికి తల్లిదండ్రులు తమ పెళ్లి ఉంగరాలు అమ్ముకున్నారన్నది అతని గురించి రాసిన ప్రతివారూ చెప్పే సంగతి.

1993లో అతడు వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ మరుసటి ఏడాది నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్, నిర్వహించిన డ్రాఫ్టులో క్యుబెక్ నార్డీక్స్ జట్టు అతన్ని తొమ్మిదో రౌండులో 217వ ఆటగాడిగా తీసుకుంది. డ్రాఫ్టు అంటే ఐపీఎల్ వేలం లాంటిది కాదు. ఇక్కడ డబ్బుతో పాట పాడరు. జట్లు వరుసక్రమంలో ఒక్కో కుర్రవాడి పేరు చెప్పి అతని మీద హక్కు రాయించుకుంటాయి. ఆ హక్కు వల్ల ఆటగాడికి ఉద్యోగం గ్యారంటీ కాదు. తొమ్మిదో రౌండు నాటికి జట్ల దగ్గర గట్టి సమాచారం ఉండదు కాబట్టి, లాటరీ టిక్కెట్టు కొన్నట్టుగా పేర్లు చదువుతారు. ఇప్పుడు ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్టులో ఏడు రౌండ్లే ఉన్నాయి. గోలీల విషయంలో ఈ అంచనాలు ఎంత గుడ్డివో తెలియాలంటే మరో రెండు పేర్లు చాలు: ఆ స్థానంలో ఆల్‌టైమ్ గొప్పవాడిగా చాలామంది చెప్పే డామినిక్ హాషెక్ 1983లో 199వ ఎంపిక, న్యూయార్క్ రేంజర్స్‌కు పదిహేనేళ్లు కాపలా కాసిన హెన్రిక్ లుండ్‌క్విస్ట్ 2000లో 205వ ఎంపిక.

వెర్మాంట్‌లో థామస్ ఆట కాలేజీ స్థాయిలో అందరూ గుర్తించిన ఆటే. 1996లో ఆ జట్టు జాతీయ పోటీల చివరి నలుగురిలోకి చేరి, సెమీఫైనల్లో రెండో అదనపు సమయంలో ఓడిపోయింది. అదే జట్టులో ఐదడుగుల ఎనిమిదంగుళాల ఎత్తున్న మార్టిన్ సాన్ లూయీ అనే ఫార్వర్డ్ ఉండేవాడు, అతన్నయితే డ్రాఫ్టులో ఏ జట్టూ తీసుకోనేలేదు. అతడే 2004లో లీగ్ మొత్తానికి అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఒకే విశ్వవిద్యాలయ జట్టులోని ఇద్దరిని ఎన్‌హెచ్‌ఎల్ ఇంత తప్పుగా అంచనా వేసిందంటే, చూపు ఎక్కడ తప్పిందో వెతకవలసిందే.

దురదృష్టం కూడా కొంత ఉంది. 1995లో నార్డీక్స్ జట్టు క్యుబెక్ వదిలి కొలరాడోకు తరలిపోయింది. అదే ఏడాది డిసెంబరులో అప్పటికే దిగ్గజమైన గోలీ పాట్రిక్ రువాను తెచ్చుకుంది. 1997లో చదువు ముగించి వచ్చిన థామస్‌కు అక్కడ చోటు లేదు. ఆ తరువాతి ఐదేళ్ల చిరునామాలు వరుసగా రాస్తే రైల్వే టైంటేబుల్‌లా ఉంటుంది: అలబామాలోని బర్మింగ్‌హామ్, టెక్సస్‌లోని హ్యూస్టన్, ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ, కెనడాలోని హామిల్టన్, మళ్లీ హెల్సింకీ, డెట్రాయిట్, స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్, ఫిన్లాండ్ ఉత్తరాన ఊలు. హెల్సింకీలోని హెచ్‌ఐఎఫ్‌కే క్లబ్బు 1998లో అతని కాపలాలోనే దేశ ఛాంపియన్ అయింది. ఫిన్నులకు అతడు అప్పుడే పెద్ద పేరు. సొంత దేశంలో మాత్రం కింది లీగుల ఆటగాడు.

2002లో బోస్టన్ బ్రూయిన్స్ అతనితో ఒప్పందం చేసుకుంది. ఆ అక్టోబరులో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, ఎడ్మంటన్ మీద ఎన్‌హెచ్‌ఎల్‌లో తొలి మ్యాచ్ ఆడి గెలిచాడు. ఆ సీజనులో అతనికి దక్కినవి నాలుగే మ్యాచులు, మిగతా కాలమంతా బోస్టన్‌కు అనుబంధమైన ప్రావిడెన్స్ జట్టులోనే. తరువాత యాజమాన్యాలకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య జీతాల వివాదం ముదిరి 2004-05 సీజను మొత్తం రద్దయింది. థామస్ మళ్లీ హెల్సింకీ వెళ్లి, ఈసారి యోకెరిట్ క్లబ్బుకు ఆడాడు. 54 మ్యాచుల్లో 15 సార్లు ప్రత్యర్థికి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, వచ్చిన షాట్లలో 94.6 శాతం ఆపాడు. ఎన్‌హెచ్‌ఎల్ మూతపడ్డ ఏడాది కావడంతో ఆ లీగ్ ఆటగాళ్లు కూడా ఐరోపాకు తరలివచ్చి ఆడుతున్న సీజను అది. ఆటగాళ్లే ఓటు వేసి ఇచ్చే ఉత్తమ ఆటగాడి గౌరవం అతనికి దక్కింది. అయినా 2005 శరత్కాలంలో బోస్టన్ అతన్ని ప్రావిడెన్స్‌లోనే మొదలుపెట్టించింది. ఆ జట్టు గోలీలు ఆండ్రూ రేక్రాఫ్ట్, హన్ను టోయివోనెన్ ఇద్దరూ గాయపడ్డాకే, 2006 జనవరిలో, పెద్ద జట్టు తలుపు తెరుచుకుంది. అప్పటికి అతనికి ముప్పై ఒకటి.

చెయ్యీ దీపమూ

ఇంత ఆలస్యానికి కారణం అతడు షాట్లు ఆపలేకపోవడం కాదు, ఆపే తీరు. 1980ల చివరి నుంచి గోలీల శిక్షణ ఒక శాస్త్రంగా మారింది. మాంట్రియల్‌లో పాట్రిక్ రువా, అతని శిక్షకుడు ఫ్రాన్సువా అలేర్ కలిసి ప్రాచుర్యంలోకి తెచ్చిన సీతాకోకచిలుక పద్ధతిలో గోలీ మోకాళ్ల మీద వాలి, రెండు కాళ్లనూ రెక్కల్లా ఇరువైపులా పరిచి, చట్రం కింది భాగాన్ని గోడ కట్టినట్టు మూసేస్తాడు. ఎక్కువ షాట్లు కిందుగానే వస్తాయి కాబట్టి ఇది లెక్క ప్రకారం తెలివైన పని. కదలికలు తక్కువ, అంచనా తేలిక, నేర్పడం సులువు. పొడగరి అయితే మోకాళ్ల మీద ఉన్నా భుజాలు పైభాగాన్ని కప్పుతాయి. కనుక జట్లు ఆరడుగులు దాటిన, పాఠం చక్కగా ఒప్పజెప్పే కుర్రవాళ్ల కోసం వెతకసాగాయి.

థామస్ ఎత్తు ఐదడుగుల పదకొండంగుళాలు. పాఠం ఒప్పజెప్పే రకం అసలే కాదు. అతడు చట్రం వదిలి బాగా ముందుకు వచ్చి షాట్ కొట్టేవాడిని ఎదుర్కొంటాడు. ఇందులో ఉన్న రేఖాగణితం మన ఇళ్లలో కరెంటు పోయినప్పుడు పిల్లలు ఆడుకున్నదే: దీపానికి ఎంత దగ్గరగా చెయ్యి పెడితే గోడ మీద నీడ అంత పెద్దదవుతుంది. పక్ ఉన్న చోటు దీపమైతే, గోల్ గోడ అయితే, గోలీ ముందుకు వచ్చినకొద్దీ అతని నీడ గోల్‌ను మరింతగా కప్పుతుంది. అయితే దీపం పక్కకు జరిగిందంటే, అంటే కొట్టబోయినవాడు పక్ పక్కవాడికి అందించాడంటే, గోడంతా ఖాళీ. అప్పుడు థామస్ బోర్లా పడి, వెల్లకిలా దొర్లి, కర్ర విసిరి, కాలు చాచి, దొరికిన అవయవంతో దొరికిన చోట పక్‌ను ఆపేవాడు. చూసేవారికి అది అదృష్టంలా కనిపిస్తుంది. శిక్షకులకు అది క్రమశిక్షణారాహిత్యంలా కనిపిస్తుంది. ఒక సీజనంతా లెక్క కట్టినప్పుడు మాత్రం ఫలితం తేడాగా ఉంటుంది, కానీ ఒక సీజనంతా ఆడనిస్తేనే కదా ఆ లెక్క తేలేది. అతని పన్నెండేళ్ల నిరీక్షణంతా ఈ మెలికలోనే ఉంది.

హాషెక్ కూడా ఇలాగే దొర్లుతూ ఆడినవాడే, ఎన్‌హెచ్‌ఎల్‌లో ప్రధాన గోలీగా నిలదొక్కుకునేసరికి అతనికీ ఇరవై ఎనిమిదేళ్లు దాటాయి. ఇద్దరి విషయంలోనూ చూసినవారు చూసింది రూపాన్ని, లెక్కించవలసింది ఫలితాన్ని.

అంకెలు చెప్పేదెంత

గోలీని కొలవడానికి వాడే ప్రధాన సంఖ్య ఆపిన షాట్ల శాతం. 91 శాతానికీ 94 శాతానికీ తేడా పైకి స్వల్పంగా కనిపిస్తుంది. నిజానికి మొదటివాడు వందకు తొమ్మిది గోల్స్ ఇస్తే రెండోవాడు ఆరే ఇస్తున్నాడు, అంటే మూడో వంతు తక్కువ. థామస్ 2008-09 సీజనులో 93.3 శాతంతో ఉత్తమ గోలీకిచ్చే వెజినా ట్రోఫీ గెలిచాడు. ఆ ట్రోఫీకి ఓటు వేసేది జట్ల జనరల్ మేనేజర్లే అన్నది గమనించదగ్గ విషయం. ఏళ్ల తరబడి అతన్ని పక్కన పెట్టినవారూ ఆ పదవుల్లోనివారే. 2010-11లో అతడు 57 మ్యాచులు ఆడి 93.8 శాతం నమోదు చేశాడు, 1998-99లో హాషెక్ నెలకొల్పిన 93.7 రికార్డును దాటాడు. ఆ ఏడాది తన మీదికి వచ్చిన 1,811 షాట్లలో 1,699 ఆపాడు. లీగ్ సగటు 91 శాతానికి కాస్త ఎగువన ఉన్న కాలంలో, ఒక సగటు గోలీ అవే షాట్లు ఎదుర్కొని ఉంటే మరో నలభైకి పైగా గోల్స్ పడేవి. రెండోసారి వెజినా వచ్చింది. రికార్డన్నది కూడా షరతులతో కూడినదే లెండి: మరుసటి ఏడాదే సెయింట్ లూయిస్ గోలీ బ్రయాన్ ఎలియట్ 38 మ్యాచుల్లో 94.0 శాతం సాధించాడు, కనీసం ఎన్ని మ్యాచులు ఆడాలన్న నియమాన్ని బట్టి మొదటి స్థానం మారిపోతుంది.

ఇక్కడ న్యాయమైన ఆక్షేపణ ఒకటి ఉంది. శిక్షకుడు క్లాడ్ జూలియన్ కాలంలో బోస్టన్ రక్షణ లీగ్‌లోకెల్లా గట్టిది. ఆరడుగుల తొమ్మిదంగుళాల చారా ముందు నిలబడితే ఎవరి శాతమైనా పెరుగుతుంది కదా అని. ఈ చిక్కును విడదీయడానికి మంచి మార్గం అదే రక్షణ వెనుక ఆడిన రెండో గోలీతో పోల్చడం. 2008-09లో థామస్ 93.3 అయితే అతనితో చోటు పంచుకున్న మానీ ఫెర్నాండెజ్ 91.0. 2010-11లో థామస్ 93.8 అయితే టూకా రాస్క్ 91.8. రక్షణ పంచుకున్నది ఇద్దరూ, తేడా మాత్రం ఒకరిదే. అయితే ఈ రెండు ఏళ్ల మధ్యలో ఉన్న 2009-10ని దాచకూడదు. ఆ ఏడాది తుంటి గాయంతో ఆడిన థామస్ 91.5కు పడిపోయాడు, రాస్క్ 93.1తో అతని చోటు లాగేసుకున్నాడు, ప్లేఆఫ్స్ మొత్తం థామస్ బెంచీ మీదే కూర్చున్నాడు. అదే శీతాకాలంలో వాంకూవర్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన అమెరికా జట్టులోనూ అతడు రయాన్ మిల్లర్ వెనుక రెండోవాడే. తుంటికి శస్త్రచికిత్స చేయించుకుని తిరిగి వచ్చిన ముప్పై ఆరేళ్ల మనిషి ఆ తరువాతి ఏడాదే రికార్డు బద్దలుకొట్టాడంటే, వయసు గ్రాఫులు గీసేవారు అతన్ని మినహాయింపుల పట్టికలో వేయక తప్పదు.

2011 వేసవి

ఆ ప్లేఆఫ్స్‌లో బోస్టన్ మూడుసార్లు ఏడో మ్యాచ్ దాకా వెళ్లింది, మూడూ గెలిచింది. ప్లేఆఫ్స్‌లో ఒక్కో ప్రత్యర్థితో ఏడు మ్యాచుల వరకూ ఆడి, ముందుగా నాలుగు గెలిచినవారు పై దశకు వెళ్తారు. మాంట్రియల్‌తో మొదటి రెండూ సొంత మైదానంలో ఓడిపోయి, ఏడో మ్యాచ్‌ను అదనపు సమయంలో దక్కించుకున్నారు. సెమీఫైనల్లో ఎదురైన టాంపా బే జట్టులో ఉన్నది వెర్మాంట్ సహచరుడు సాన్ లూయీ. ఏడో మ్యాచ్‌లో ఒక్కరి మీదా పెనాల్టీ పడలేదు, పడిన గోల్ ఒక్కటే, అది బోస్టన్‌ది.

ఫైనల్లో ప్రత్యర్థి వాంకూవర్, దాని గోలీ రాబర్టో లువాంగో. చట్రానికి అతుక్కుని, పుస్తకంలో ఉన్నట్టుగా ఆడే పొడగరి. రెండు పద్ధతులు ముఖాముఖి నిలబడ్డ ఫైనల్ అది. మొదటి మ్యాచ్‌ను వాంకూవర్ చివరి నిమిషపు గోల్‌తో 1-0గా గెలిచింది. రెండోదాన్ని అదనపు సమయం మొదలైన పదకొండో సెకనులోనే అలెక్స్ బరోస్ ముగించాడు: థామస్ ఎప్పటిలాగే ముందుకు వచ్చేసరికి, బరోస్ కొట్టకుండా అతన్ని దాటి, గోల్ వెనుకగా చుట్టి వచ్చి ఖాళీ వలలోకి నెట్టాడు. థామస్ పద్ధతిని తప్పుపట్టేవారికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. బోస్టన్‌లో ఆడిన తరువాతి రెండు మ్యాచుల్లో కథ తిరగబడింది, స్కోర్లు 8-1, 4-0. మూడో మ్యాచ్‌లో తన ముందు చోటులోకి చొరబడ్డ వాంకూవర్ నాయకుడు హెన్రిక్ సెదీన్‌ను థామస్ భుజంతో ఢీకొట్టి పడేశాడు కూడా. గోలీలు సాధారణంగా చేయని పని.

ఐదో మ్యాచ్‌లో వాంకూవర్ మళ్లీ 1-0తో గెలిచింది. వెనుక గోడకు తగిలి తిరిగొచ్చిన పక్‌ను, థామస్ ముందుకొచ్చి ఉన్న క్షణంలో, పక్కనుంచి మాక్సిమ్ లాపియెర్ లోపలికి కొట్టాడు. మ్యాచ్ తరువాత లువాంగో ఒక మాట అన్నాడు: చట్రంలోనే ఉండే తనకైతే అది తేలికగా ఆపగలిగేదేనని, థామస్‌లా ముందుకు తిరిగేవారికి ఇలా జరుగుతుందని, అయితే తాను ఆపలేని కొన్నింటిని అతడు ఆపగలడని. పత్రికలు మొదటి సగాన్నే పట్టుకుని గొడవ చేశాయి. నాకు తెలిసినంతలో థామస్ పద్ధతికి ఇంత క్లుప్తమైన, సరైన వ్యాఖ్యానం మరొకటి లేదు, అది కూడా ప్రత్యర్థి నోట రావడం విశేషం. ఆరో మ్యాచ్‌లో లువాంగో మొదటి తొమ్మిది నిమిషాల్లోనే మూడు గోల్స్ ఇచ్చి బయటికి వెళ్లాడు. జూన్ 15న వాంకూవర్‌లో జరిగిన ఏడో మ్యాచ్‌లో థామస్ 37 షాట్లనూ ఆపాడు, బోస్టన్ 4-0తో గెలిచి 39 ఏళ్ల తరువాత కప్పును ఇంటికి తెచ్చుకుంది. ఏడు ఫైనల్ మ్యాచుల్లో అతని మీద 246 షాట్లు వచ్చాయి, అతడు ఇచ్చినవి ఎనిమిదే. ప్లేఆఫ్స్ అంతటిలో ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ అందుకున్నవారిలో అందరికన్నా పెద్ద వయసువాడు అతడే.

కాగితం మీద మాత్రమే ఉన్న గోలీ

ఇంత జరిగాక అతని పేరు మళ్లీ పతాక శీర్షికలకెక్కింది ఆట వల్ల కాదు. విజేతలు అధ్యక్షుడిని కలవడం అమెరికాలో ఆనవాయితీ. 2012 జనవరి 23న బ్రూయిన్స్ జట్టు వైట్‌హౌస్‌కు వెళ్లి బరాక్ ఒబామాను కలిసింది, థామస్ మాత్రం వెళ్లలేదు. ఫెడరల్ ప్రభుత్వం అదుపు తప్పి పెరిగిపోయి పౌరుల హక్కులకు ముప్పుగా మారిందని, దీనికి రెండు పార్టీలూ బాధ్యులేనని, తాను స్వేచ్ఛా పౌరుడిగా రాకుండా ఉంటున్నానని ప్రకటన రాశాడు. ఒక వర్గానికి వీరుడయ్యాడు, మరొక వర్గానికి జట్టు పండుగను చెడగొట్టినవాడయ్యాడు. ఆ వాదనలోకి వెళ్లడం ఇక్కడ అవసరం లేదు. ఆ తరువాత జరిగిన ఒప్పందపు వ్యవహారమే ఎక్కువ ఆసక్తికరమైనది, చాలామందికి అర్థం కాకుండా మిగిలిపోయింది కూడా.

2004-05 వివాదం ముగిసినప్పుడు ఎన్‌హెచ్‌ఎల్ జీతాల మీద పరిమితి పెట్టింది. జట్టు మొత్తం జీతాల లెక్కకు పైకప్పు ఉంటుంది, దాటకూడదు. కింద నేల ఉంటుంది, అంతకన్నా తక్కువ ఖర్చు చేయకూడదు. ఒక ఆటగాడి ఒప్పందపు మొత్తాన్ని ఏళ్లతో భాగించగా వచ్చిన సగటును ప్రతి ఏడూ ఈ లెక్కలో చూపిస్తారు. మొదటి ఏళ్లలో భారీగా చెల్లించి, చివరి ఏళ్లకు నామమాత్రపు జీతం రాసి, ఆ వేళకు ముసలి ఆటగాడు రిటైరైపోతే లెక్క తప్పించుకోవచ్చన్న ఎత్తును అడ్డుకోవడానికి మరో నియమం చేర్చారు: ముప్పై ఐదేళ్లు నిండాక అమల్లోకి వచ్చే బహుళ సంవత్సరాల ఒప్పందమైతే, ఆటగాడు ఆడినా మానేసినా ఆ సగటు అప్పట్లో జట్టు లెక్కలో ఉండి తీరేది.

థామస్ 2009 ఏప్రిల్‌లో నాలుగేళ్లకు 2 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం చేశాడు. అదే నెలలో అతనికి ముప్పై ఐదు నిండాయి, ఒప్పందం ఆ శరత్కాలం నుంచి అమలైంది, కనుక ఈ నియమం కింద పడ్డాడు. ఏటా లెక్కలో 50 లక్షల డాలర్లు. 2012 వేసవిలో అతడు చివరి ఏడాది ఆడనని, కుటుంబంతో, స్నేహితులతో, విశ్వాసంతో గడుపుతానని ప్రకటించి కొలరాడోకు వెళ్లిపోయాడు. జట్టు అతన్ని సస్పెండ్ చేసి జీతం ఆపింది, కానీ 50 లక్షలు మాత్రం లెక్కలోంచి కదలలేదు. చోటు ఆక్రమించేది మనిషి కాదు, అంకె.

ఆ అంకె కొందరికి బరువు, మరికొందరికి అవసరం. పైకప్పుకు దగ్గరగా ఉన్న బోస్టన్‌కు అది అడ్డం. తక్కువ ఖర్చుతో నడిచే న్యూయార్క్ ఐలాండర్స్‌కు నేలను అందుకోవడానికి అలాంటి అంకే కావాలి, అదీ జేబులోంచి డాలరు తీయనక్కర్లేకుండా. 2013 ఫిబ్రవరిలో షరతులతో కూడిన ఒక రెండో రౌండు ఎంపిక హక్కుకు బదులుగా థామస్ హక్కులు ఐలాండర్స్‌కు బదిలీ అయ్యాయి. అతడు ఆ జట్టు చొక్కా తొడగలేదు, దాని తరఫున మైదానంలో అడుగు పెట్టలేదు. ఫ్లింట్‌లో పుట్టిన కెన్ మారో నాలుగు స్టాన్లీ కప్పులు గెలిచిన జట్టు జీతాల పట్టికలో ఫ్లింట్‌లో పుట్టిన థామస్ పేరు కొన్ని నెలలపాటు ఆట లేకుండా నిలిచింది. ఇందులో ఎవరూ నియమం తప్పలేదు. మోసాన్ని అడ్డుకోవడానికి రాసిన నియమమే కొత్తరకం సర్దుబాటుకు దారి తీసింది, అంతే.

2013 శరత్కాలంలో అతడు తిరిగి వచ్చి, ఫ్లోరిడా పాంథర్స్ శిబిరంలో పరీక్షకు నిలబడి ఏడాది ఒప్పందం సంపాదించాడు. 2014 మార్చి 4న ఆ జట్టు ఒక పెద్ద గోలీని వాంకూవర్ నుంచి తెచ్చుకుంది. ఆ గోలీ రాబర్టో లువాంగో. మరుసటి రోజే థామస్‌ను డాలస్ స్టార్స్‌కు పంపేసింది. ఆ జట్టు సాధన చేసేది డాలస్ శివారులోని ఫ్రిస్కోలో. ఇప్పుడు తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉంటున్న ఊరే. అక్కడ ఎనిమిది మ్యాచులతో అతని క్రీడాజీవితం చప్పుడు లేకుండా ముగిసింది. మొత్తం 426 మ్యాచులు, 214 విజయాలు, ఆపిన షాట్ల శాతం 92.0. ఫైనల్లో ఓడిన లువాంగో 2022లో టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. థామస్‌కు 2025 దాకా ఆ పిలుపు రాలేదు. దీర్ఘకాలం ఆడినవారికే ఆ గౌరవమన్న వాదన సబబే కావచ్చు, కానీ అతని కాలాన్ని కుదించింది ఎవరన్న ప్రశ్న కూడా ఆ లెక్కలోకి రావాలి.

ఐదేళ్ల నిశ్శబ్దం

2014 తరువాత అతడు పూర్తిగా కనుమరుగయ్యాడు. పాత సహచరులకు ఫోన్ చేయలేదు, వేడుకలకు రాలేదు. వైట్‌హౌస్ సంగతి గుర్తున్నవారు దాన్ని మొండితనానికి కొనసాగింపుగానే అర్థం చేసుకున్నారు. 2019 డిసెంబరు 12న అమెరికా హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకునే వేడుకకు వాషింగ్టన్ వచ్చినప్పుడు అతడే స్వయంగా విప్పి చెప్పాడు. 2013 డిసెంబరులో, ఫ్లోరిడా జట్టు సాధనలో, తలకు దెబ్బ తగిలి కంకషన్, అంటే మెదడు అదిరే గాయం, అయిందట. మరునాడు ఉదయం లేచాక ఏమి తినాలో, ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించుకోలేకపోయాడట. తరువాత తీయించిన స్కానులో మెదడులోని మూడింట రెండు వంతులకు ఐదు శాతం కన్నా తక్కువ, మిగిలిన వంతుకు సుమారు సగం రక్తప్రసరణ మాత్రమే అందుతోందని తేలిందని చెప్పాడు. మనుషులతో మాట్లాడే ఓపిక లేక కొన్నేళ్లు అడవి ప్రాంతంలో ఒంటరిగా గడిపాడు. హాకీ మ్యాచ్ చూడటం కూడా కుదరలేదు, ఆట వేగాన్ని మెదడు అందుకోలేకపోయేది.

ఈ మాటల్ని 2011 జట్టు పక్కన పెట్టి చూడాలి. బోస్టన్ ఆటగాడు మార్క్ సవార్డ్‌ను 2010 మార్చిలో మాట్ కుక్ కనపడని వైపు నుంచి తల మీద కొట్టిన దెబ్బే, తలను గురిపెట్టే దాడుల మీద లీగ్ కొత్త నియమం తేవడానికి కారణమైంది; సవార్డ్ మళ్లీ ఎక్కువ కాలం ఆడలేదు, ఆడకపోయినా అతని పేరు 2011 కప్పు మీద చెక్కారు. ఆ ఫైనల్ మూడో మ్యాచ్‌లో ఆరన్ రోమ్ ఢీకొట్టడంతో నేథన్ హోర్టన్ కంకషన్‌తో స్ట్రెచర్ మీద బయటికి వెళ్లాడు. ఆ రెండు దెబ్బలూ వేల మంది కళ్ల ముందు, కెమెరాల ముందు పడ్డాయి, చర్చలు జరిగాయి, రోమ్ మీద సస్పెన్షన్ కూడా పడింది. మాజీ ఆటగాళ్లు తల గాయాల మీద వేసిన దావాను లీగ్ 2018 నవంబరులో సుమారు 1.9 కోట్ల డాలర్లకు పరిష్కరించుకుంది, తప్పు ఒప్పుకోకుండానే. థామస్ దెబ్బ తిన్నది ప్రేక్షకులు లేని సాధనలో. గోలీని ఎవరూ ఢీకొట్టరు, ముఖకవచం ఉంది కదా అన్న భావన సాధారణం.

జట్టు టైంటేబుల్ ఏం చెబితే అది చేస్తూ ఆ సీజనులో మిగతా కాలాన్ని నెట్టుకొచ్చానని అతడు ఆ వేడుక రోజున చెప్పాడు. తినడానికి ఏమి కావాలో తేల్చుకోలేని మనిషి మీదికి గంటకు నూట యాభై కిలోమీటర్ల వేగంతో పక్‌లు వస్తూనే ఉన్నాయి, అతడు వాటిలో చాలావాటిని ఆపుతూనే ఉన్నాడు. గణాంకాల పుస్తకంలో ఆ మ్యాచులు మిగతా మ్యాచుల వరుసలోనే, ఏ గుర్తూ లేకుండా ఉన్నాయి.